మైకు లేకుండా ఆఖరి రీలు

నేను చేసిన ఉద్యోగం ఇప్పుడు లేదు. ఆ హాలూ లేదు. యానాంలో అది ఉన్నచోట ఇప్పుడు మోటారు సైకిళ్ళు అమ్ముతున్నారు. అటు వెళ్ళినప్పుడల్లా నా క్యాబిన్ ఉండాల్సిన ఎత్తుకి ఓసారి తలెత్తి చూస్తాను, మెడ పట్టేస్తే దించుకుంటాను. సినిమా హాల్లో ఆపరేటరుగా చేశానంటే మీలాంటి కుర్రవాళ్ళు “అబ్బో తాతా, రోజూ ఫ్రీగా సినిమాలు చూసుంటావు” అంటారు. ఏం చూశాను నా మొహం! గోడలో చిన్న కంతలోంచి తెర మీద బొమ్మ మసకబారిందా లేదా అన్నది చూశాను. మిగతా కాలమంతా ప్రొజెక్టరులో మండే కార్బన్ పుల్లలకేసి చూశాను. ఆ వెలుగుకి కళ్ళు పాడైపోయాయి. మొన్న కాకినాడలో కళ్ళ డాక్టరు “వెల్డింగు పని చేసేవారా?” అని అడిగాడు. విడమరిచి చెప్పే ఓపిక లేక అవునన్నాను.

అన్ని సినిమాలు ఆడించానే, కథ అడిగితే ఒక్కటి కూడా సరిగ్గా చెప్పలేను. ఒకే ఒక్కటి మాత్రం మొదటి నుంచి చివరిదాకా చెప్పగలను. అది ఇంగ్లీషు సినిమా, నలుపూ తెలుపూ, అప్పటికే ముసలిదైపోయిన ప్రింటు. అడవుల మధ్య ఎవరూ చూడని ఒక నది ఎక్కడ పుట్టిందో కనిపెడదామని కొందరు దొరలు తెప్పలు కట్టుకుని బయల్దేరతారు. అదీ కథ. ఎనభైల్లో ఒక తుపాను ఏడాది ఆ సినిమా మా పెట్టెల్లో ఇరుక్కుపోయింది. దాని సంగతే చెప్తాను. ఓపికుంటే వినండి, లేకపోతే ఫోను చూసుకోండి. నేనేం అనుకోను.

ముందు మా మైకు మాస్టారి గురించి చెప్పాలి. ఆదివారం పొద్దున్న ఆటకి మా మేనేజరుగారు ఇంగ్లీషు సినిమాలు తెప్పించేవారు, చవగ్గా వస్తాయని. చూసేవాళ్ళకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అందుకని తెర పక్కన ఒక స్టూలు, ఒక మైకు పెట్టి, మిషను స్కూల్లో చేసి రిటైరైన మాస్టారిని కూర్చోబెట్టేవారు. ఆయన కనకాలపేటలో ఉండేవారు. పొద్దున్నే చర్చికి వెళ్ళి, అటునుంచి అటే సైకిలు మీద ఇస్త్రీ చొక్కాతో వచ్చేసేవారు. ఆయన చేతిలో టార్చిలైటు ఉండేది. చీకట్లో నా కంతకేసి ఓసారి వెలిగించి ఆర్పితే నేను సౌండు తగ్గించాలి. అప్పుడాయన మైకు అందుకుని తెలుగులో చెప్పేవారు. మళ్ళీ వెలిగిస్తే సౌండు పెంచాలి. అంతే మా ఇద్దరి మధ్య వ్యవహారం. అలా ఏళ్ళ తరబడి మాట్లాడుకున్నాం.

ఆయన చెప్పే తీరే వేరు. “ఈ టోపీ ఆయన మాట పడని మనిషండీ, అచ్చం మన మెట్టకూరు కరణంగారి లాగే” అనేవారు. జనం ఘొల్లుమనేవారు. ఒకసారి మా గేటు మనిషి, అంటే టిక్కెట్లు చింపి లోపలికి పంపే బుర్ర మీసాలాయన, రీళ్ళు పైకి మోసుకొస్తూ వరస తారుమారు చేశాడు. ఇంటర్వెల్‌కి ముందు ఉరేసేసిన దొంగ, ఇంటర్వెల్ తర్వాత గుర్రమెక్కి వచ్చాడు! నాకు ముచ్చెమటలు పోశాయి. మాస్టారు టార్చి వెలిగించి, తొణక్కుండా, “ఈయన పోయినాయన తమ్ముడండీ. కవలలు” అన్నారు. హాలంతా చప్పట్లు. ఆ రోజు నుంచి మా హాల్లో తెర మీద ఏం కనబడ్డా సరే, మాస్టారు మైకులో ఏం చెబితే అదే కథ.

సరే, తుపాను. సముద్రం ఒడ్డున జాలర్ల ఊరు దరియాలతిప్పలోకి నీళ్ళొచ్చి గుడిసెలు మునిగిపోయాయి. జనాన్ని లారీల్లో యానాం తెచ్చారు. స్కూలు నిండిపోయింది. ఆఫీసువాళ్ళు వచ్చి మా హాలు ఇమ్మన్నారు. మేనేజరుగారు నోటి దురుసు మనిషే గాని మనసు వెన్న. “ఇవ్వక చస్తానా, బెంచీలు తీయించండి” అన్నారు. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు నేల మీద చాపలు పరుచుకున్నారు. తుపానుకి ముందు వేటకెళ్ళిన ఒక పడవ తిరిగి రాలేదు. అందులో ముగ్గురు మగాళ్ళు. వాళ్ళ ఇళ్ళవాళ్ళు కూడా మా హాల్లోనే ఉన్నారు. బయట వాన, లోపల పిల్లల ఏడుపులు, తడి బట్టల వాసన. ఎవరూ నిద్రపోయినట్టు లేరు.

మర్నాడు పొద్దున్న మేనేజరుగారు క్యాబిన్‌లోకి వచ్చి, “ఏమోయ్, జనరేటరు ఉందిగా, ఏదో ఒక బొమ్మ వెయ్యి. ఈ పిల్లల గోల ఆగుతుంది. పాపం వాళ్ళ మనసూ కాస్త మళ్ళుతుంది” అన్నారు. రోడ్లు తెగిపోయి కాకినాడ నుంచి కొత్త పెట్టె రాలేదు. ఉన్నది ఈ నది సినిమా ఒక్కటే. ఆదివారం ఆటకని తెచ్చింది, ఇంకా జనానికి వెయ్యలేదు. మాస్టారూ నేనూ ట్రయలు మాత్రం చూసుకున్నాం. గేటు మనిషి వెళ్ళి మాస్టారిని మోకాలి లోతు నీళ్ళలో నడిపించి తీసుకొచ్చాడు. మేమందరం ఏదో పుణ్యకార్యం చేస్తున్నట్టు హడావిడి పడ్డాం. అందులో ఏముందో ఒక్కడికీ తట్టలేదు. ట్రయలు చూసిన నాకూ తట్టలేదు, చదువుకున్న మాస్టారికీ తట్టలేదు.

మొదట్లో బాగానే ఉంది. అడవి, మొసళ్ళు, కోతులు. పిల్లలు నవ్వారు. సినిమాలో పెద్ద, గడ్డం దొర, టోపీ ఎప్పుడూ తియ్యడు. “స్నానానికి కూడా తియ్యడండీ” అన్నారు మాస్టారు. మాసిన చాపల మీద ఆడవాళ్ళు కూడా నవ్వారు. ఆ తర్వాత నది ఇరుకై, నీళ్ళు రాళ్ళ మీద పడి లేస్తున్నాయి. తెప్ప గిర్రున తిరిగింది. గడ్డం దొర నీళ్ళలో పడ్డాడు.

హాలు చల్లారిపోయింది. పిల్లల గొంతు కూడా లేదు. నాకు కంతలోంచి తలకాయలే కనబడతాయి. ఆ తలకాయలన్నీ ఒక్కసారి బిగుసుకున్నాయి. నేల మధ్యలో ఒక ఆడమనిషి లేచి నిలబడింది. తెర వెలుగులో ఆమె నీడ ఆ నీళ్ళ మీద పడింది. ఎవరూ కూర్చోమనలేదు.

కథ ప్రకారం ఆ దొర చచ్చిపోయాడు. మిగిలినవాళ్ళు వెతుకుతారు. కొమ్మకి చిక్కిన టోపీ ఒక్కటే దొరుకుతుంది. ఒడ్డున రాళ్ళు పేర్చి, మధ్యలో తెడ్డు నిలబెట్టి, టోపీలు తీసి నిలబడి వెళ్ళిపోతారు. ఆఖర్న ఓడ రేవుకొస్తుంది. గడ్డం దొర పెళ్ళాం నల్ల గౌను వేసుకుని అక్కడ నిలబడి ఉంటుంది. స్నేహితుడు టోపీ ఆమె చేతిలో పెడతాడు. ఆమె ఏడవదు. దాన్ని గుండెకి ఆనించుకుని సముద్రం కేసి చూస్తుంది. అయిపోయింది.

మాస్టారు టార్చి వెలిగించారు. సౌండు తగ్గించాను. మళ్ళీ వెలిగించారు, పెంచమనేమో అనుకున్నాను. కాదు, ఆపకుండా వెలిగిస్తూనే ఉన్నారు. పూర్తిగా తీసెయ్యమని. తీసేశాను.

“భయపడకండమ్మా,” అన్నారు మైకులో. “ఆయన ఈతగాడు. నీళ్ళు ఆయన్ని కిందికి తీసుకెళ్ళిపోయాయి గాని ప్రాణానికేం కాలేదు. ఆ రాళ్ళు చూశారా, గుర్తు కోసం పేరుస్తున్నారు. వెనక ఆయన నడిచొస్తాడుగా, మనవాళ్ళు ఇటే వెళ్ళారని తెలియాలిగా.” ఇక రేవు దగ్గర: “ఆయన వెనక ఓడలో వస్తున్నాడమ్మా. ముందుగా టోపీ పంపించాడు, బెంగపెట్టుకోవద్దని.” మొగుడు పోయిన దొరసానులు నల్ల గౌను వేసుకుంటారని మావాళ్ళలో ఎవరికి తెలుస్తుంది? నిలబడ్డ ఆడమనిషి కూర్చుంది. పక్కనున్న ముసలామె ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ ముసలామెకి శుక్లాలు ముదిరి చూపు లేదు. ఆమెకి ఆ సినిమా అంటే మాస్టారి గొంతే.

వాళ్ళిద్దరూ అత్తాకోడళ్ళని తర్వాత తెలిసింది. తిరిగిరాని ముగ్గురిలో ఒకడు ముసలామె చిన్నకొడుకు.

ఆట అయ్యాక మాస్టారు వరండాలోకి వచ్చి కూర్చున్నారు. “ఏంటి మాస్టారూ, కథ మార్చేశారు?” అన్నాను. “అబద్ధం చెప్పలేదోయ్. శవం కనిపించిందా? లేదు. కనిపించనిది నేను చెప్పలేదు,” అన్నారు. బోర్డు దగ్గర పిల్లాడికి లెక్క విప్పి చెబుతున్నట్టే చెప్పారు, కాని నా మొహంలోకి చూడలేదు. తర్వాత తనే అన్నారు, “నోరు రాలేదయ్యా. ఆ నేల మీదున్న వాళ్ళకేసి చూశాక నోరు రాలేదు.”

ఇంతటితో పోయేది. కాని నీళ్ళు తీశాక జనం ఇళ్ళకెళ్ళిపోయిన కొన్నాళ్ళకి, ఆ ముగ్గురిలో ఇద్దరు బస్సు దిగి నడుచుకుంటూ వచ్చారు! చెక్క పట్టుకుని తేలుతుంటే ఎక్కడో దక్షిణాదిన వేరే ఊరి పడవవాళ్ళు లాగారట. ఊరు ఊరంతా తిరనాళ్ళే. మూడోవాడు, ఆ ముసలామె కొడుకు, ఏమయ్యాడంటే వాళ్ళకి తెలియదు. చీకట్లో చెయ్యి జారిందన్నారు.

ఇంకేం, మాస్టారి మాట దేవుడి మాటైపోయింది. ఆదివారం ఆటకి ఆ సినిమాయే కావాలని దరియాలతిప్ప నుంచి మనుషులు వచ్చి అడిగారు. కాకినాడ డిపోవాళ్ళకి ఆ ముసలి ప్రింటు ఒకటుందనే గుర్తులేదు. మేనేజరుగారికి ఆనందం. ప్రతి ఆదివారం అదే నది, అదే టోపీ. అత్తాకోడళ్ళు తప్పకుండా వచ్చేవారు. నేల టిక్కెట్టులో ముందు వరసలో, స్తంభం పక్కన. నాకైతే ఆ సినిమా మొహం మొత్తేసింది. మాస్టారికి ఇంకా ఎక్కువ. ఒక్కో ఆదివారం ఒక్కో ఏడాది ముసలివాడవుతున్నట్టు ఉండేది మనిషి.

ఒకరోజు ముసలామె పెద్దకొడుకు హాలు దగ్గరికి వచ్చాడు. నల్లగా, పొడుగ్గా, అలిసిపోయిన మనిషి. వరండాలో మాస్టారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మాస్టారండీ, మీకో దణ్ణం. మా తమ్ముడు ఇంకెక్కడొత్తాడండీ? గడ్డితో ఆకారం కట్టి దహనం చేసేత్తే ఆడి దారిన ఆడు పోతాడు. కార్యం చెయ్యందే మా ఇంటి వల నీళ్ళలో పడకూడదంటన్నారు పెద్దోళ్ళు. వల చూరుకి ఏలాడతంది. ఇంట్లో పొయ్యి ఎలిగి ఎన్నాళ్ళయిందో అడగకండి.”

“మరి చెయ్యండయ్యా. నన్నడుగుతావేంటి?”

“మా అమ్మ ఒప్పుకోటం లేదండీ. ‘మాస్టారు చెప్పారు, రాళ్ళు గుర్తు పెట్టారు, ఎనక ఓడలో వత్తాడు’ అంటాది. ‘ఆ గడ్డి తగలెడితే పక్కన నన్నూ పడుకోబెట్టండి’ అంటాది. మా మరదలు కూడా దానికి తోడు. మీరొక్కసారి ఇంటికొచ్చి, అదంతా ఉత్తిదే, ఆ దొర చచ్చిపోయాడు అని చెప్పండి చాలు.”

“అది సినిమా అయ్యా! సినిమాకీ నీ తమ్ముడికీ ఏంటయ్యా సంబంధం?” అన్నారు.

“నాకు తెల్దాండీ? మా అమ్మకి చెప్పండి.”

మాస్టారు చెప్పలేకపోయారు. వస్తానన్నారు, వెళ్ళలేదు. జ్వరమన్నారు. సైకిలు పంక్చరన్నారు. అతను రెండోసారి వచ్చినప్పుడు మా గేటు మనిషి చేత లేరని చెప్పించి, మేడ మెట్ల కింద కూర్చున్నారు. అంత పెద్దమనిషిని అలా చూడటం నాకే సిగ్గేసింది. జాలీ వేసింది. ఆయన చోట నేనుంటే నేను మాత్రం ఏం చేసుండేవాణ్ణి?

ఆ వారంలోనే, మామూలు రోజు, పొద్దున్న ఆట లేని పూట, నేను క్యాబిన్‌లో ప్రొజెక్టరు తుడుచుకుంటుంటే మెట్ల మీద అలికిడైంది. ఆ కోడలు. ఒక్కతే వచ్చింది. గుమ్మం బయటే ఆగిపోయి చీర కొంగు భుజం చుట్టూ లాక్కుంది. ఆమెని దగ్గర్నుంచి చూడటం అదే మొదటిసారి. ఇంత చిన్నపిల్లా అనిపించింది.

“ఆపరేటరు బాబుగారండీ, ఓ మాటండి.”

“చెప్పమ్మా.”

“ఆ సినిమా ఆఖరి ముక్క మాస్టారి మైకు లేకుండా ఓసారి ఎయ్యగలరా అండీ?”

“నీకు ఇంగ్లీషు తెలీదు కదమ్మా, మైకు లేకుండా ఏం అర్థమవుద్ది?”

“అర్థం కాపోయినా పరవాలేదండి. ఎవరూ చెప్పకుండా చూడాలండి నేను.”

మేనేజరుగారు కాకినాడ వెళ్ళారు. ఆయనుంటే ఏమనేవారో తెలియదు. వద్దమ్మా అందామనుకున్నాను. కాని ఆమె బతిమాలటం లేదు, నా కేసి చూస్తూ నిలబడింది. వెళ్ళి కూర్చోమన్నాను. హాలంతా ఖాళీ. మెత్తటి కుర్చీలున్నాయి, బెంచీలున్నాయి. ఆమె మాత్రం వెళ్ళి నేలలోనే, స్తంభం పక్కనే, తన చోటులోనే కూర్చుంది.

కార్బన్లు వెలిగించి ఆఖరి రీలు ఎక్కించాను. సౌండు పూర్తిగా పెట్టాను. ట్రయలు తర్వాత ఆ నీళ్ళ హోరు మళ్ళీ విననేలేదు, మాస్టారి మాట కోసం నేనే సౌండు తీసేసేవాణ్ణి. ఖాళీ హాల్లో అది గోడలు అదిరేలా వినిపించింది. దొరలు అడవిలో అరిచి అరిచి పిలుస్తున్నారు. టోపీ. రాళ్ళు. తెడ్డు. టోపీలు తీసి నిలబడి, ఒకడు పుస్తకంలోంచి ఏదో చదువుతున్నాడు. మాస్టారు ఆ చదివేదాని మీద ఎప్పుడూ దారి గుర్తుల కథ చెప్పేవారు. చదివేవాడి గొంతు మధ్యలో పూడుకుపోయిందని నాకు ఆ రోజే వినబడింది. తర్వాత రేవు, నల్ల గౌను, సముద్రం. రీలు తోక చక్రానికి టపటప కొట్టుకుంది. దీపాలు వేశాను.

ఆమె లేవలేదు. కిందికి దిగి వెళ్ళి కొంచెం దూరంలో బెంచీ మీద కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచలేదు. ఓదార్చే విద్య నాకు రాదు, మా ఇంట్లో అడగండి.

“ఆ రాళ్ళు సమాధేనాండీ?” అంది.

“అవునమ్మా.”

“పుస్తకంలో చదివింది దారి గురించి కాదు.”

“కాదు.”

తెల్ల తెరకేసి చెయ్యి చూపించింది. “ఆ నల్ల గౌనావిడకి ఎవరూ మైకులో చెప్పలేదు కదండీ. టోపీ చూడగానే ఆవిడకి తెలిసిపోయింది. నాకూ తెలుసండీ. ఆ రోజు లేచి నిలబడ్డప్పుడే తెలుసు. మాస్టారు చెప్తంటే, ఏమో, అలాగే కాబోలు అనుకుంటే బాగుందండీ. ఆ కాసేపూ బాగుండేది.” అప్పుడు ఏడ్చింది. గట్టిగా కాదు. చేతికి గాజులున్నాయి, అవి చప్పుడు చెయ్యకుండా రెండో చేత్తో పట్టుకుని ఏడ్చింది.

ఏడుపు అయ్యాక మొహం తుడుచుకుని అసలు సంగతి చెప్పింది. ఆదివారం కార్యం చేసేస్తారట. బావగారితో తనే ఒప్పుకుంటుందట. అత్తకి మాత్రం తెలియకూడదు, తెలిస్తే ముద్ద ముట్టదు, పడిపోతుంది. “పొద్దున్న ఆటకి అత్తని తీసుకొచ్చి కూర్చోబెట్టి ఎల్తానండీ. ఆట అయ్యేలోపు వచ్చేత్తాను. గాజులు మాత్రం తియ్యనని బావగారికి చెప్పేశానండి. అత్త రోజూ తడుముతాది.” గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ తిరిగి, “మాస్టారికి చెప్పకండి. ఆయన నోట ఆ మాట అలాగే రావాలి” అంది.

ఆదివారం వచ్చింది. కోడలు అత్తని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి స్తంభం పక్కన కూర్చోబెట్టి, “రొయ్యల పని ఉంది అత్తా, చూసుకుని వత్తాను” అని వెళ్ళిపోయింది. ముసలామె తల ఊపింది. మాస్టారు చర్చి నుంచి వచ్చారు. కార్బన్ సరిచెయ్యటం ఆలస్యమై ఓసారి తెర మసకబారితే జనం ఈలలేశారు. నా ధ్యాసంతా దరియాలతిప్ప ఒడ్డున ఉంది. ఈపాటికి గడ్డి కట్టుంటారు, ఈపాటికి నిప్పు పెట్టుంటారు అనుకుంటూ రీళ్ళు మార్చాను.

దొర నీళ్ళలో పడ్డాడు. టోపీ దొరికింది. మాస్టారు టార్చి వెలిగించారు, సౌండు తీశాను. రాళ్ళు పేరుస్తున్నారు. మైకులో మాట రాలేదు. అలిసిపోయారో, ఆ పెద్దకొడుకు మొహం గుర్తొచ్చిందో, మనిషి స్టూలు మీద తల వంచుకుని కూర్చున్నారు. హాలు ఎదురు చూసింది. అప్పుడు నేలలోంచి ముసలామె గొంతు లేచింది.

“మాస్టారండీ, రాళ్ళు పేరత్తన్నారా?”

“ఆఁ... పేరుస్తున్నారమ్మా,” అన్నారు మాస్టారు.

“గుర్తు కోసమేనాండి?”

“గుర్తు కోసమే.”

“మరి చెప్పండి.”

చెప్పారు. ఎప్పటికంటే నెమ్మదిగా, ఒక్కో మాటా పేర్చినట్టు చెప్పారు. రేవు, టోపీ, వెనక ఓడ. ఆట అయిపోయింది. దీపాలు వేశాను. జనం లేచి వెళ్ళిపోతున్నారు. కోడలు రాలేదు.

గబగబా దిగి వెళ్ళి తెర దగ్గరే మాస్టారి చెవిలో సంగతంతా చెప్పేశాను. చెప్పొద్దంది నిజమే, కాని ఏం చెయ్యను? ఈయన మైకు కట్టేసి వెళ్ళిపోతే ముసలామె ఒంటరిగా ఖాళీ హాల్లో కూర్చుని ‘కోడలేది?’ అంటే నేనేం చెప్పను? మాస్టారు విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. మైకు వదిలేసి, ఇస్త్రీ ప్యాంటుతో వెళ్ళి ముసలామె పక్కన నేల మీద చతికిలబడ్డారు.

“ఇంకా ఉందమ్మా,” అన్నారు. “వెనక ఓడ వస్తోంది.”

“ఆయ్. చెప్పండి బాబూ.”

తెర మీద ఏమీ లేదు. నా ప్రొజెక్టరు ఆగిపోయి, చల్లారుతూ చిటపటమంటోంది. మాస్టారు చెప్పుకుపోతున్నారు. ఓడ ఎంత పొడుగో, తెరచాపకి ఎన్ని మాసికలో, గడ్డం దొర ఎలా చిక్కిపోయి ఓడ అంచున నిలబడ్డాడో, నెత్తిన టోపీ లేక ఎండకి నుదురు ఎలా నల్లబడిందో, రేవులో ఉన్న వాళ్ళమ్మని ఎలా ముందు గుర్తుపట్టాడో. సినిమాలో అతనికి తల్లి లేదు. మాస్టారు తెచ్చి నిలబెట్టారు. గేటు మనిషి తలుపులు మూయడానికొచ్చి అలాగే నిలబడిపోయాడు. ముసలామె మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని, మధ్యమధ్య “ఊఁ” కొడుతూ విన్నది.

ఎప్పటికో కోడలు వచ్చింది. పరుగున వచ్చినట్టుంది, ఒగరుస్తోంది. జుట్టు తడిగా ఉంది, కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. నా పక్కనుంచి వెళ్తుంటే పొగ వాసన నాకే కొట్టింది. మాస్టారు మాట ఆపేశారు.

“అత్తా, వచ్చేశాను. ఆలస్యమైపోయింది,” అంటూ కూర్చుని చెయ్యి అందించింది. ముసలామె ఆ చెయ్యి పట్టుకుంది. గాజులు తడిమింది. ఆ చెయ్యి పట్టుకునే భుజం దాకా వెళ్ళింది, తడి జాకెట్టు తగిలింది. జుట్టు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. ఆమె ముక్కుపుటాలు కదలటం నేను చూశాను.

ముసలామె తన కొంగు లాగి కోడలి తల దగ్గరికి తీసుకుని తుడవటం మొదలెట్టింది. పాయ పాయా విడదీసి, పసిపిల్లకి తుడిచినట్టు, తీరిగ్గా. “తల సరిగ్గా తుడుచుకోకుండా ఇంత దూరం వచ్చేత్తారేంటే, జలుబు చెయ్యదూ?” అంది. కోడలు ఆమె ఒళ్ళో మొహం పెట్టేసింది. ముసలామె తుడవటం ఆపలేదు.

తర్వాత ఇద్దరూ లేచారు. గుమ్మం దగ్గర ముసలామె ఆగి, మాస్టారి గొంతు వినబడ్డ వైపు తిరిగింది.

“మాస్టారండీ, వచ్చే ఆదివారం ఏం సినిమా అండీ?”

మాస్టారు తడబడ్డారు. “ఇదే కదమ్మా... ఇదే వేస్తాం. నీకోసం ఇదే వేస్తాం.”

“వద్దు బాబూ,” అంది ముసలామె. “ఇది అయిపోయింది కదా.”